అభినందన సభ తర్వాత మిగిలే వేసవి

ఈ జూన్‌లో ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం హైస్కూలు పూర్తిచేసిన పిల్లలకు జరిపిన అభినందన సభకు మీలో చాలామంది వచ్చారు కనుక దాన్ని వర్ణించనక్కర లేదు. పేరు, పేరు వెంట విశ్వవిద్యాలయం, ఆ విశ్వవిద్యాలయపు స్థాయికి తగిన చప్పట్లు, శాలువా, జ్ఞాపిక, ఫొటో: ఏటా జరిగేదే జరిగింది. నేను జ్ఞాపికలు అందించే బల్ల దగ్గర ఉండడం వల్ల వ్యాఖ్యాత చేతిలోని కాగితం నాకు కనిపిస్తూనే ఉంది. ఒక అబ్బాయి పేరుకు ఎదురుగా మన కౌంటీలోని కమ్యూనిటీ కాలేజీ (రెండేళ్ల చదువు చెప్పే స్థానిక కాలేజీ) పేరు స్పష్టంగా రాసి ఉన్నా ఆమె దాన్ని చదవలేదు. కాస్త తటపటాయించి, "బాబు ఇంకా ఆలోచించుకుంటున్నాడు, మంచి నిర్ణయమే తీసుకుంటాడు" అని నవ్వుతూ తర్వాతి పేరుకు వెళ్లిపోయారు. నలుగురిలో పిల్లవాణ్ణి చిన్నబుచ్చకూడదన్నదే ఆమె ఉద్దేశమని నేను నమ్ముతున్నాను. అయితే ఆ అబ్బాయి ఆలోచన ఎప్పుడో ముగించి, కాలేజీలో పేరు నమోదు చేయించుకుని, సంఘం పంపిన ఫారాన్ని తన చేతితో నింపి ఇచ్చినవాడు. అతనికి లేని సిగ్గును మనమే అతనికి అంటగట్టి పంపాము.

ఆ కాలేజీ పేరు చదివి ఉంటే సభలో కొందరికి తెలియని సంగతి తెలిసేది. కాలిఫోర్నియాలో 2010లో చేసిన చట్టం ప్రకారం, బదిలీ కోసమే రూపొందించిన అసోసియేట్ డిగ్రీని కమ్యూనిటీ కాలేజీలో పూర్తిచేసిన విద్యార్థికి కాల్ స్టేట్ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) వ్యవస్థలో ఏదో ఒక క్యాంపస్‌లో సీటు ఖాయం. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపసుల్లో డేవిస్, అర్వైన్ సహా ఆరు, నిర్దేశించిన మార్కులు తెచ్చుకున్న కమ్యూనిటీ కాలేజీ విద్యార్థులకు ముందుగానే ప్రవేశ హామీ ఇస్తున్నాయి. వర్జీనియాలోనూ ఇటువంటి ఒప్పందాలున్నాయి. రెండేళ్ల ఫీజు ఆదా చేసుకుని అదే డిగ్రీ పట్టా అందుకునే దారి ఇది. ఇంటి కొనుగోలులో వడ్డీని పావు శాతం దాకా బేరమాడే మనకు ఈ లెక్క అర్థం కాదని నేననుకోను.

కాలేజీ పేరును బట్టి పిల్లలను తూచడం మన ఊళ్ల అలవాటే అని కొందరన్నారు. కొంతవరకు నిజమే. ఎంసెట్ ఫలితాల వారంలో పత్రిక మొదటి పేజీ నిండా ర్యాంకర్ల ఫొటోలు, టీవీలో ఊపిరి తీసుకోకుండా అంకెలు చదివే కాలేజీల ప్రకటనలు, సీటు రాని పిల్లలు పెళ్లిళ్లకు కూడా రాకుండా ఇంట్లో ఉండిపోవడం, ఇవన్నీ చూసే పెరిగాము. కానీ మన ఊళ్లలో ఉన్నది అదొక్కటే కాదు.

మా ఇంట్లో ఇంజనీరింగ్‌కు వెళ్లిన మొదటిదాన్ని నేనే. నాకు ర్యాంకు వచ్చినప్పటి నుంచి కౌన్సెలింగ్ ముగిసేదాకా మా బాబాయి తన పనులు మానుకుని నా వెంట తిరిగారు. టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, నకళ్ల మీద గెజిటెడ్ అధికారి సంతకాలు, డీడీ, వీటిలో ఏది ముందు తీసుకోవాలో ఆయనకూ తెలియదు. తెలిసినవాళ్లెవరో వాకబు చేసి, పొద్దున్నే వాళ్ల గుమ్మం ముందు నిలబడేవారు. వాళ్లెవరూ మా బంధువులు కారు. అయినా అడిగినందుకు విసుక్కున్నవాళ్లు నాకు గుర్తు లేరు. ఒక మాస్టారైతే తన కూతురి పాత కాగితాలన్నీ బల్ల మీద పరిచి, వాటిని అదే వరుసలో నా ఫైలులో కుట్టించారు. హాస్టల్లో నా పక్క మంచం రెండో సంవత్సరం చదివే ఒక అక్కది. బ్యాంకులో ఏ పూట రద్దీ తక్కువగా ఉంటుందో, మెస్ బిల్లు ఆలస్యమైతే ఎవరిని బతిమాలాలో, జ్వరం వస్తే వార్డెన్ కంటే ముందు ఎవరికి చెప్పాలో, ఇంటి మీద బెంగ మొదటి నెలకంటే రెండో నెలలో ఎందుకు ఎక్కువవుతుందో ఆమే చెప్పింది. నా ర్యాంకు ఎంతో ఆమె ఎప్పుడూ అడగలేదు. మనం సముద్రం దాటేటప్పుడు పత్రిక మొదటి పేజీని భద్రంగా తెచ్చుకుని, ఆ మాస్టారిని, ఆ అక్కను అక్కడే వదిలేశామని నాకు అనిపిస్తుంది.

ఇక్కడి పిల్లలకు ఇంగ్లీషు వచ్చు, ఇంటర్నెట్ ఉంది, స్కూలు కౌన్సెలర్ ఉంటారు, ఇంకెవరి సాయం ఎందుకన్న వాదనను కొట్టిపారేయలేము. కాకపోతే జూన్‌లో స్కూలు తలుపులు మూసుకున్నాక ఆ కౌన్సెలర్ కూడా దొరకరు, కాలేజీ సలహాదారు ఆగస్టు దాకా పరిచయం కారు. సీటు వచ్చి, వెళ్తానని చెప్పిన పిల్లల్లో కూడా కొందరు ఈ వేసవిలోనే కాగితాల దగ్గర జారిపోతారు. మన ఇళ్లలో అంతదాకా రాకపోవచ్చు గాని, మన తల్లిదండ్రులకు తెలియని విషయాలు తక్కువేమీ లేవు. విద్యార్థుల రికార్డుల గోప్యతను కాపాడే 1974 నాటి ఫెర్పా చట్టం వల్ల, పిల్లలు కాలేజీలో చేరగానే వాళ్ల మార్కుల మీద హక్కు వాళ్లకే చెందుతుంది. ఫీజు కట్టేది మనమే అయినా రిజిస్ట్రార్ మనకు జవాబు చెప్పనవసరం లేదు. పద్దెనిమిదేళ్లు నిండాక వైద్య వివరాలూ అంతే. ఆసుపత్రిలో బిడ్డ తరఫున మాట్లాడాలంటే హిపా (వైద్య వివరాల గోప్యతా చట్టం) అనుమతి పత్రం, వైద్య నిర్ణయాల అధికార పత్రం ముందే రాయించి ఉండాలి. ఇరవై ఆరేళ్లు నిండేదాకా మన ఇన్సూరెన్స్ వర్తిస్తుందన్నది చాలామందికి తెలుసు. గడువులోగా ఆ సంగతి రుజువులతో తెలియజేయకపోతే చాలా విశ్వవిద్యాలయాలు తమ సొంత ఇన్సూరెన్స్‌ను ఫీజులో కలిపేస్తాయన్నది బిల్లు వచ్చాకే తెలుస్తుంది.

ఇంకొక సంగతి మనం బయటికి మాట్లాడుకోము. ఏకాగ్రత లోపానికో, ఆందోళనకో స్కూల్లో 504 ప్లాన్ (అలాంటి పిల్లలకు స్కూలు ఇచ్చే వెసులుబాట్ల ప్రణాళిక) ఉన్న పిల్లలు మన ఇళ్లలోనూ ఉన్నారు. ఆ ప్లాన్ హైస్కూలుతోనే ముగుస్తుంది. కాలేజీలో పిల్లలే డిజెబిలిటీ కార్యాలయానికి వెళ్లి, పత్రాలు చూపించి, పరీక్షకు అదనపు సమయం అడగాలి. ఇంట్లోనే దాచిపెట్టమని నేర్పిన విషయాన్ని పద్దెనిమిదేళ్ల పిల్ల ఒక అపరిచిత అధికారి ముందు ఎలా చెప్పుకుంటుంది?

వీసాల గురించి మాత్రం మన సంఘం తప్ప మరెవరూ చెప్పరు. తల్లిదండ్రులు హెచ్-1బీ మీద ఉన్నా, ఇక్కడే పుట్టిన పిల్లలు ఫాఫ్సాకు, అంటే ఫెడరల్ విద్యార్థి సాయం కోసం పెట్టే దరఖాస్తుకు, అర్హులే; తల్లిదండ్రుల వీసాకూ దానికీ సంబంధం లేదు. ఇది తెలియక దరఖాస్తే పెట్టని కుటుంబాలు నాకు తెలుసు. హెచ్-1బీ వాళ్ల కుటుంబసభ్యులకిచ్చే హెచ్-4 వీసా మీద ఉన్న పిల్లలకు ఫెడరల్ సాయం రాదు, జీతం తీసుకుని పనిచేసే వీలు లేదు కనుక క్యాంపస్ ఉద్యోగం ఉండదు. రాష్ట్ర స్థానికులకుండే తక్కువ ఫీజు వర్తిస్తుందా లేదా అన్నది రాష్ట్రాన్ని బట్టి, కొన్నిచోట్ల విశ్వవిద్యాలయాన్ని బట్టి మారుతుంది. ఇరవై ఒకటి నిండగానే, అంటే దాదాపుగా మూడో సంవత్సరం మధ్యలో, ఆ హోదా పోతుంది. అప్పటికి విద్యార్థి వీసా ఎఫ్-1కు మారడం వంటి ఏర్పాటేదో జరిగి ఉండాలి. 2002 నాటి బాలల హోదా రక్షణ చట్టం గ్రీన్‌కార్డు కోసం లెక్కించే వయసులో కొందరికి కొన్ని నెలలు కలిసొచ్చేలా చేస్తుందే గాని, మన వాళ్ల గ్రీన్‌కార్డు వరుస పొడవు ముందు అది చాలదు. చదువు మొదలుపెట్టక ముందే లాయరుతో కూర్చుని తేదీలు వేసుకోవలసిన విషయం ఇది. ఇదే వేదిక మీద శాలువా కప్పించుకున్న పిల్లల్లో హెచ్-4 మీద ఉన్నవాళ్లెందరో మన కమిటీకి తెలుసా?

అభినందన సభ వద్దని నేననడం లేదు. పెద్ద కాలేజీలో సీటు తెచ్చుకున్న పిల్ల దాన్ని కష్టపడే సంపాదించుకుంది. ఆ తల్లిదండ్రుల మురిపెం కూడా న్యాయమైనదే. ఆఫీసు ముగించుకుని వచ్చి కుర్చీలు మోసే కమిటీ సభ్యులను తప్పుపట్టడం అంతకంటే నాకు ఇష్టం లేదు. అయినా సభలో కాలేజీ పేర్లు చదవడం మానేద్దామని మాత్రం గట్టిగా అడుగుతున్నాను. అమెరికా తెలుగువాళ్ల పెద్ద సంఘాలైన తానా, ఆటాల మహాసభలు రెండేళ్లకొకసారి జరుగుతాయి. పక్క వీధి పిల్లవాడి ఇన్సూరెన్స్ గడువు గురించి వాళ్లు చెప్పగలిగినదేమీ లేదు. అది స్థానిక సంఘం పని. జూలైలో ఒక ఆదివారం హాలు తీసుకోండి. ఒక గదిలో తల్లిదండ్రులను, ఒక ఇమిగ్రేషన్ లాయరును, విశ్వవిద్యాలయాల్లో పనిచేసే మన సభ్యులను కూర్చోబెట్టండి. రెండో గదిలో పోయిన ఏడాది, అంతకు ముందటి ఏడాది వెళ్లిన పిల్లలను, కమ్యూనిటీ కాలేజీ నుంచి బదిలీ అయినవాళ్లతో సహా, ఈ ఏడాది వెళ్లబోయేవాళ్లతో వదిలేయండి. ఆ గదిలోకి పెద్దలెవరూ వెళ్లకూడదు. ఫొటోలు తీయడానికి కూడా.