మిద్దె మీద గాలిమర

అనంతపురంలో ఉంటూ గాలిని నమ్మకపోతే ఇంక దేన్ని నమ్మాలి? రామగిరి వైపు వెళ్లినప్పుడల్లా కొండల మీద తిరిగే గాలిమరలు బస్సు కిటికీలోంచి కనిపిస్తాయి, వెంటనే నాకు మే నెల కరెంటు బిల్లు గుర్తొచ్చి కడుపు మండుతుంది. ఆ మంటలోనే ఒక రాత్రి ఫోన్‌లో "ఇంటికి 1 కిలోవాట్ గాలిమర" అని కనపడగానే 18,000 పోసి ఆర్డర్ కొట్టేశాను.

డబ్బా వచ్చింది. రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు మీటరు. మా హాల్లో సీలింగ్ ఫ్యానే 1200 మిల్లీమీటర్లు! మా ఆవిడ దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, "ఏమండీ, ఇది పిల్లా? తల్లి వెనకాల వస్తోందా?" అంది.

ఇంటర్ చదివే మావాడు డబ్బా మీద చీమల్లాంటి అక్షరాలు చదివాడు. సెకనుకు 12 మీటర్ల గాలి వీస్తేనే ఆ కిలోవాట్ అట. అంటే గంటకు 43 కిలోమీటర్లు. "ఆ గాలిని మొత్తం పిండినా ఈ సైజు రెక్కలకు 830 వాట్లే తగులుతుంది నాన్నా, అందులోనూ 59.3 శాతానికి మించి ఎవరూ లాగలేరని బెట్జ్ అనే ఆయన ఎప్పుడో తేల్చేశాడు." పైగా గాలి సగమైతే కరెంటు సగం కాదట, ఎనిమిదో వంతట. వేలకు వేలు ఫీజులు కట్టింది ఇది వినడానికా!

వెనక్కి పంపుదామంటే డబ్బా చించేశాం. సరే, ఇనప పైపు స్లాబుకు బిగించి, నీళ్ల ట్యాంకు పక్కనే నిలబెట్టాను. ఒకవైపు ట్యాంకు, ఇంకోవైపు పక్కింటి మూడో అంతస్తు. వచ్చే కాస్త గాలీ వాటికి గుద్దుకుని సుళ్లు తిరుగుతుంటే, ఇది ఎటు తిరగాలో తెలియక వీధికి కొత్తగా వచ్చిన కుక్కలా తోక ఊపుతూ నిలబడేది.

ఆషాఢంలో మాత్రం తిరిగింది, తిరగడమంటే మామూలుగా కాదు. మూడో రోజు కింద అద్దెకున్నాయన వచ్చి, "సార్, అర్ధరాత్రి గ్రైండర్ వేస్తున్నారా?" అన్నాడు. పైపు వణుకు స్లాబులోంచి ఆయన మంచం దాకా దిగుతోందని చెప్పడానికి నోరు రాక, "అవునండీ, ఇడ్లీ పిండి" అనేశాను. మర్నాడు మా ఆవిడ తిట్టుకుంటూ ఆయనకు నాలుగు ఇడ్లీలు పంపింది. ఇక ఆ నెలంతా గాలి గట్టిగా వీచిన ప్రతి రాత్రికీ తెల్లారితే ఇడ్లీలే.

ఏప్రిల్‌లో అమ్మ మిద్దె మీద వడియాలు పెట్టింది. కాకుల్ని తోలడానికైనా ఇది పనికొస్తుందనుకున్నాం. ఆకు కదల్లేదు. ఒక కాకి తాపీగా వచ్చి అడ్డంగా ఉన్న రెక్క చివర కూర్చుంది. ఆ బరువుకు రెక్క పావు చుట్టు కిందికి దిగింది.

"ఒరేయ్, తిరిగిందిరా!" అని కేకేసింది అమ్మ.