నాలుగు సెంట్ల వాలీబాల్

గోదావరి డెల్టాలో నాలుగు సెంట్ల స్థలాన్ని ఉద్యోగ జీవితమంతా ఖాళీగా కాపాడిన మనిషిని ప్రభుత్వం గుర్తించి సత్కరించాలి. వాలీబాల్ కోర్టు పొడవు 18 మీటర్లు, వెడల్పు 9 మీటర్లు. హెచ్చవేస్తే 162 చదరపు మీటర్లు, మన లెక్కలో అచ్చంగా నాలుగు సెంట్లు. చుట్టూ మూడేసి మీటర్లు వదలాలన్న నిబంధన కూడా పాటిస్తే దాదాపు తొమ్మిది. వరికీ, కొబ్బరికీ, రొయ్యలకూ, అపార్టుమెంట్లకూ దక్కకుండా ఇక్కడ తొమ్మిది సెంట్లు మిగిలాయంటే ఆ ఘనత కళాశాల పీడీ గారిది. కాగితాల మీద ఆయన ఫిజికల్ డైరెక్టర్, ఊళ్లో డ్రిల్లు మాస్టారు. తాను వాలీబాల్ కోచ్ నన్న సంగతి ఆయన ఒక్కరికే తెలుసు.

కొడుకు ఇంజినీరు కావాలా, డాక్టరు కావాలా, చెరువులు చూసుకోవాలా అని తలపట్టుకునే తల్లిదండ్రులు ఈ వృత్తిని పట్టించుకోకపోవడం విచారకరం. ప్రవేశం కష్టమేమీ కాదు. వ్యాయామ విద్యలో డిగ్రీ, అంటే బీపీఈడీ చదవాలి. మరీ పట్టుదల ఉంటే 1961లో మొదలైన పటియాలా క్రీడా సంస్థకు వెళ్లి, అన్నం మానేసి రొట్టెలు తింటూ, స్మాష్ కొట్టేటప్పుడు మోచేయి ఎక్కడ ఉండాలో, బ్లాక్‌కు ఎగిరేటప్పుడు మోకాళ్లు ఎంత వంగాలో నేర్చుకుని రావాలి. ఇంత శాస్త్రం మోసుకుని డెల్టాకు తిరిగివచ్చిన యువకుడి చేతిలో యాజమాన్యం మొదటి రోజున గేటు తాళాలు పెడుతుంది. మోచేతి ప్రస్తావన పదవీ విరమణ దాకా మళ్లీ రాదు.

గేటు సమర్థంగా కాసినవారికి ప్రార్థన గంట అప్పగిస్తారు. గంట వేళకు మోగితే పరీక్షల బల్లలు, అవి సర్దడం వస్తే ఆగస్టు 15 కవాతు, ఆ పైన వార్షికోత్సవంలో ముందు వరుస కుర్చీలకు కాపలా. ఉన్నతి అంటే నెట్టుకు మరికొంత దూరం జరగడం. కళాశాలలకు గ్రేడు ఇచ్చే నాక్ బృందం వస్తుందన్న వారంలో మాత్రం ఆయనను వెనక్కి పిలిచి కొత్త నెట్టు కొనిపెడతారు. బృందం కారు గేటు దాటగానే నెట్టు బీరువాలోకి వెళ్తుంది.

అయితే వృత్తి శిఖరం హెలిప్యాడ్. ఎన్నికల కాలంలో నాయకుల హెలికాప్టర్లు దిగడానికి ఊళ్లో కళాశాల మైదానానికి మించిన చోటు దొరకదు. నేల మీద సున్నంతో వంకర లేని గీత గీయగలిగినవాడు పీడీ గారు తప్ప మరొకరు లేరు. కాబట్టి పెద్ద వలయమూ, దాని నడుమ హెచ్ అక్షరమూ ఆయన చేతి మీదుగానే వెలుస్తాయి. కోర్టు గీతల కోసం దాచుకున్న సున్నం మొత్తం ఆ ఒక్క అక్షరానికే సరిపోతుంది. ఆయన బాధపడతారనుకుంటే పొరపాటు. హెలికాప్టరు కోసం రోలరు తెచ్చి నేల చదును చేస్తారు. ఐదేళ్లలో కోర్టు ఎగుడుదిగుళ్లు లేకుండా ఉండేది ఆ వారమే. అందుకే ఆయన ఏ పార్టీ అని చూడకుండా అందరు నాయకుల రాకనూ మనస్ఫూర్తిగా కోరుకుంటారు. ఇంత నిష్పాక్షికమైన ఓటరు జిల్లాలో మరొకరు ఉంటారని నేను అనుకోను.

ఇక ఆట. 1895లో అమెరికాలోని హోలియోక్‌లో విలియం మోర్గాన్ దీన్ని కనిపెట్టింది, బాస్కెట్‌బాల్ ఆడితే ఆయాసపడే నడివయసు వ్యాపారుల కోసం. ఆ లెక్కన ఇది మన కళాశాలల పాలకవర్గాలకు పుట్టుకతో దక్కిన ఆట. క్రీడోత్సవం నాడు మొదటి సర్వీసు చైర్మన్ గారు చేయడంలో ఆంతర్యం ఇదే కావచ్చు. పురుషుల నెట్టు ఎత్తు 2.43 మీటర్లు ఉండాలి. ఆ ఉదయం మాత్రం పీడీ గారు దాన్ని టేపుతో గాక వివేకంతో కొలిచి, మనిషి భుజం ఎత్తుకు దించుతారు. బంతి అయినా దాటదు. చప్పట్లు మోగుతాయి, ఫోటో జిల్లా పేజీలో వస్తుంది. అమ్మాయిల నెట్టు 2.24 మీటర్లు. వాళ్ల సాధన గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. నెట్టు బిగించేసరికి వాళ్ల ఊరి చివరి బస్సు హారన్ కొడుతుంది.

కోర్టు వెనక పంట కాలువ ఉంటే కథ వేరు. బలమైన సర్వీసు గీత దాటిందంటే బంతి కాలువలో పడి నరసాపురం దారి పడుతుంది. కొత్త బంతికి అర్జీ పెడితే అది ఎన్ని బల్లలు దాటాలో తెలిసిన కుర్రాళ్లు జాగ్రత్తపడతారు. ధవళేశ్వరం దగ్గర జూన్‌లో నీళ్లు వదిలారంటే సర్వీసులు మెత్తబడతాయి. వేసవిలో కాలువలు కట్టేశాక పదునెక్కుతాయి గాని, అప్పటికి సెలవులు. కాటన్ దొర 1852లో ఆనకట్ట పూర్తిచేసేనాటికి వాలీబాల్ పుట్టడానికి ఇంకా 43 ఏళ్లుంది కనుక, మన సర్వీసుల నీరసానికి ఆయనను బాధ్యుణ్ణి చేయడం న్యాయం కాదు. పీడీ గారూ చేయరు. వెదురు గడ చివర తట్ట కట్టి, కాలువలోంచి బంతి తీసే పరికరం ఒకటి తయారుచేసుకున్నారు. పటియాలాలో ఇది నేర్పరు.

అంతర్జాతీయ సమాఖ్య 1998లో లిబెరో అనే ఆటగాణ్ణి ప్రవేశపెట్టింది. వెనక వరుసలో ఆడే ఈ కుర్రవాడి చొక్కా రంగు మిగతావారికి భిన్నంగా ఉండాలి. కళాశాల మంజూరు చేసేది ఒకే రంగు. అందుచేత డెల్టా లిబెరో తన చొక్కాను తిరగేసి తొడుక్కుని జట్టు పరువు నిలుపుతాడు.

సంక్రాంతికి పీడీ గారి సహనానికి అసలు పరీక్ష. ఆ వారంలో ఇదే జిల్లాలో మరో జాతి శిక్షకులు కూడా పనిచేస్తుంటారు. వారి శిష్యులకు బాదం పప్పు, జీడిపప్పు, ఖైమా, ఉడికించిన గుడ్డు (అవును, గుడ్డు కూడా). పొద్దున ఈత, ఆపైన వేడినీళ్ల కాపడం. ఏ రంగు కోడిని ఏ వేళ ఏ దిక్కు నుంచి బరిలోకి దించాలో శాస్త్రం తిరగేసి చెప్పే సలహాదారులు వేరే. స్మాష్ కొట్టేవాడికి వేళ్లతో బంతి ఎత్తి ఇచ్చే మన లిఫ్టరుకు రెండు అరటిపళ్లు, గ్లూకోజు నీళ్లు. చట్టం కోడిపందేలను నిషేధించింది, వాలీబాల్‌ను నిషేధించలేదు. ఆదరణలో ఇంత తేడాకు నాకు కనిపిస్తున్న కారణం ఇదొక్కటే. వాలీబాల్‌ను ఒక్క మూడేళ్లు నిషేధించి చూడాలని ప్రభుత్వానికి సవినయంగా సూచిస్తున్నాను. భీమవరం చుట్టుపక్కల కొబ్బరితోటల్లో రహస్యంగా నెట్లు వెలుస్తాయి, హైదరాబాద్ కార్లు బారులు తీరుతాయి, లాడ్జీలు నిండుతాయి. మోచేయి ఎక్కడ ఉండాలో చెప్పమని పీడీ గారి ఇంటికి పెద్దమనుషులు వస్తారు.

కేంద్రం 1985 నుంచి శిక్షకులకు ద్రోణాచార్య పురస్కారం ఇస్తోంది. వాలీబాల్‌లో ఎ. రమణారావు గారికి 1990లో దక్కింది. పురస్కారం పేరు మీద మాత్రం నాకొక చిన్న అభ్యంతరం. శిష్యుడి బొటనవేలు అడగడం విలువిద్యలో చెల్లిందేమో గాని, ఇక్కడ లిఫ్టరు బొటనవేలు పోతే జట్టే పోతుంది. మన పీడీ గారు అడిగే గురుదక్షిణ చాలా చిన్నది: పండుగ రోజుల్లో నగదు బహుమతి కోసం పక్క ఊరి జట్టులో ఆడి చీలమండ బెణికించుకోవద్దని. అదీ ఇవ్వరు.

ఇన్నిటి మధ్య జట్టు ఎప్పుడో ఒకసారి అంతర్ కళాశాల కప్పు గెలుస్తుంది. కప్పు ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్తుంది. ఆ వారం నుంచే, బంతిని ఏనాడూ ముట్టని పిల్లల తండ్రులు స్వీట్ల పెట్టెలతో వస్తారు. "మావాడి పేరు కూడా పన్నెండో ఆటగాడిగా రాయండి మాస్టారూ, క్రీడల కోటాలో పనికొస్తుందండీ" అంటారు. పీడీ గారు పెట్టెను మర్యాదగా తిప్పి పంపుతారు. ఈ ఒక్క పనిలో ఆయన బ్లాకింగ్ ఇంతవరకూ ఎవరూ ఛేదించలేదు.

పదవీ విరమణ సభ మైదానంలోనే జరుగుతుంది. షామియానా గుంజలు సర్వీసు గీత మీద పాతుతారు. కుర్చీలు తెప్పించి వేయించేదీ పీడీ గారే. ఆ పని తెలిసినవారు కళాశాలలో వేరొకరు లేరు. ఆయన గేటు దగ్గర నిలబడితే ఐడీ కార్డు లేకుండా చీమ కూడా లోపలికి రాలేదని కరెస్పాండెంట్ గారు గద్గద స్వరంతో చెప్తారు. తర్వాత ప్రిన్సిపాల్ గారు లేచి, ఫుట్‌బాల్ క్రీడకు ఆయన చేసిన సేవలను అరగంటసేపు కొనియాడతారు. పీడీ గారు సవరించరు. మైకు కూత పెడుతుంటే ఆయన శాలువా మడిచి పక్కన పెట్టి, వేదిక వెనకకు వెళ్లి ఆంప్లిఫయర్ తిప్పుతూ ఉంటారు.