పాయింట్ ఫైవ్ లెన్సులో ఐదు సెంట్లు

సీమలో వానల్లేవని ఎవరన్నా నోరు జారితే కర్నూలు దగ్గర ఓర్వకల్లు దారిలో ప్లాట్లు అమ్మడానికి వేసిన వెంచర్ల వీడియోలు చూపించండి. నడి మే నెలలో కూడా మోకాలెత్తు పచ్చగడ్డి! ఈ అద్భుతానికి కావలసిందల్లా సెప్టెంబరులో రెండు మంచి వానలు, పొద్దున ఆరింటికి ఒక కెమెరా, ఆపైన ఎనిమిది నెలల ఓపిక. అదే నేలను మేలోనే తీస్తే నల్లరేగడి నెర్రెలిచ్చి చెయ్యి దూరేంత సందులు కనపడతాయి, చూసేవాడికి పునాది ఖర్చు గుర్తొస్తుంది. కొనేవాడిని అనవసరంగా ఆలోచనలో పడేయడం వ్యాపార ధర్మం కాదు.

కట్టిన ఇల్లయితే పని ఇంకా సులువు. ఫోనులో 0.5 అని ఒక బొత్తం ఉంటుంది. అది నొక్కి, గది మూలకు వీపు ఆనించి, ఛాతీ ఎత్తులో పట్టుకుని మెల్లగా తిప్పితే పదికి పది బెడ్‌రూము కల్యాణమంటపం అవుతుంది. చిక్కల్లా ఫ్రేము అంచుల్లోనే. ఓరన పడిన వాష్‌బేసిన్ స్నానాల తొట్టిలా సాగిపోతుంది. దానికి తోడు కొందరు గిట్టనివాళ్లు వీడియో ఆపి మరీ టైల్సు లెక్కపెడుతున్నారు: రెండడుగుల టైలు, వరసకు ఐదు, అంటే పదడుగులే. టైల్సు మానేసి చిన్నాపెద్దా కలిపి బేతంచెర్ల బండలు పరిస్తే ఈ పీడ ఉండదు.

ఖాళీ ప్లాటుకు వేరే పద్ధతి. ఐదు సెంట్లంటే 242 గజాలు, అంటే 33 అడుగుల ముఖం, 66 అడుగుల లోతు అనుకోండి. హద్దురాళ్లు నాలుగూ ఒకే ఫ్రేములో పడితే 'ఇంతేనా' అనిపిస్తుంది. అందుకని కెమెరాను మోకాలి కిందికి దించి, ఒక్క రాయే చూపి, వెనకాల పక్క రైతు శనగచేను కనుచూపు మేర వదిలేయాలి. చేను ఉచితం.

"హైవే నుంచి రెండే నిమిషాలు!" ఇందులో అబద్ధమేమీ లేదు, వీడియో సరిగ్గా రెండు నిమిషాలే ఉంటుంది. నాలుగింతల వేగంతో తిప్పారు కాబట్టి అసలు ప్రయాణం ఎనిమిది నిమిషాలు. గంటకు 40 కిలోమీటర్ల లెక్కన ఐదు కిలోమీటర్ల పైమాటే. దారిలో ఎదురైన పశువులను మాత్రం ఎడిటరు మరవకుండా తీసేయాలి. బర్రె గుర్రంలా దౌడు తీసిందంటే గుట్టు రట్టయినట్టే.

నీళ్ల దగ్గరే అసలైన పనితనం. కువైట్‌లో ఉన్న కడప తమ్ముడు శుక్రవారం సెలవున ఫోను చేసి మొదట అడిగేది అదే.

"అన్నా, బోరు పోస్తాందా?"

"సూడు తమ్ముడూ, ఎట్ల దూకుతాందో!"

ఈ దూకుడు కోసం మూడు రోజుల ముందు నుంచి బోరు జోలికి పోకూడదు. అప్పుడే బండ సందుల్లోంచి ఊరిన నీళ్లు బోరు గుంతలో నిలబడి, మోటరు వేయగానే పైపు నిండా ఎగదన్నుతాయి. షాటు పదిహేను సెకన్లు, అంతే. పది నిమిషాలకల్లా ధార సన్నబడి, గాలి కక్కుతూ, ఆగి ఆగి పోస్తుంది. అప్పటికి కెమెరా సంచిలో ఉండాలి. ఆ తమ్ముడు తెలివి మీరి "అరగంట ఆపకుండా చూపియ్యి" అన్నాడా, సిగ్నల్ పోవాలి.

డ్రోను షాటు లేని వెంచరును ఈ రోజుల్లో ఎవరూ లెక్కచేయరు. 2021లో ఓర్వకల్లు విమానాశ్రయం తెరిచాక చుట్టుపక్కల ప్రతి ప్లాటూ దానికి ఐదు నిమిషాలే. అదే ఏడాది వచ్చిన డ్రోన్ నిబంధనల ప్రకారం విమానాశ్రయం హద్దు నుంచి 8 కిలోమీటర్ల లోపల అనుమతి లేనిదే డ్రోను లేవకూడదు. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల ఎత్తు దాకా పర్వాలేదు. కాబట్టి ఆ షాటుకు అనుమతి కాగితం చూపమని అడిగి చూడండి. "అబ్బే, మాది ఎయిర్‌పోర్టుకు చానా దూరం సార్" అని వెంచరు వాళ్ల నోట వినే అదృష్టం మళ్లీ దొరకదు.

ప్రకటనలో రెరా (స్థిరాస్తి వ్యాపార నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు, రెరా వెబ్‌సైటు చిరునామా ఉండాలని 2016 నాటి చట్టం. చట్టమంటే గౌరవం లేక కాదు, ఆఖరి సెకనులో తెల్ల మబ్బు మీద తెల్లక్షరాలతో వేస్తూనే ఉన్నారు. ప్రకటనలోని తప్పుడు మాట నమ్మి డబ్బు కట్టినవాడు దాన్ని వడ్డీతో వెనక్కి అడగొచ్చని 12వ సెక్షను చెబుతోంది. ప్లాట్లు అమ్ముడుపోగానే వీడియో మాయమయ్యేది అందుకే. ముందే డౌన్‌లోడ్ చేసి దాచుకునే కొనుగోలుదారుల వల్ల సమాజంలో నమ్మకం సన్నగిల్లుతోంది.

ఇంత కష్టపడి వీడియో తీశాక మళ్లీ నేలను రిజిస్టరు చేయడం దండగ. దస్తావేజులో వీడియోనే రాయించుకుంటే పోలా? చెక్కుబంది నేనే రాసిస్తాను. తూర్పు: ఎడిటింగులో పెట్టిన సూర్యోదయం. పడమర: అద్దెకు తెచ్చిన తెల్ల కారు. ఉత్తరం: త్వరలో రాబోయే రింగురోడ్డు. దక్షిణం: నల్లద్దాల యాంకరు. ఈ మధ్య గల 242 చదరపు గజాల స్థలం, అందులోని పచ్చగడ్డితో సహా.