గ్రాఫు కాగితాన్ని ఎందుకు నిషేధించాలి?

హన్మకొండ నయీంనగర్ ప్రాంతంలోని కొన్ని ఇంటర్మీడియట్ తరగతి గదుల్లో గ్రాఫు కాగితం ఇంకా రహస్యంగా చేతులు మారుతున్నదని తెలిసినందున, బాధ్యత గల పౌరునిగా ఈ నాలుగు మాటలు రాయవలసి వస్తున్నది. ఎప్‌సెట్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు, వాటిలో సగం గణితమే. ఒక్కో ప్రశ్నకు నిమిషం మీద ఏడెనిమిది సెకన్లు మాత్రమే దక్కే చోట, స్కేలు పెట్టి అక్షాలు గీసి, విలువల పట్టిక వేసి, చుక్కలు కలుపుతూ కూర్చునే విద్యార్థి తన ర్యాంకుకే కాక, కళాశాల గేటు ముందరి ఫ్లెక్సీకి కూడా ద్రోహం చేస్తున్నాడు.

అసలు గీయవలసిన అవసరమేమున్నది? ఒక బహుపదిని మరో బహుపదితో భాగిస్తే వచ్చే అకరణీయ ప్రమేయానికి అనంతస్పర్శరేఖలు, అంటే వక్రం దూరం పోయినకొద్దీ అంతకంతకూ దగ్గరయ్యే సరళరేఖలు, కనుక్కోవడానికి బోర్డు మీద డబ్బా కట్టిన సూత్రాలే చాలు. లవం డిగ్రీ చిన్నదైతే వై = 0, రెండు డిగ్రీలూ సమానమైతే మొదటి గుణకాల నిష్పత్తి, లవం డిగ్రీ సరిగ్గా ఒకటి ఎక్కువైతే భాగహారం చేసి శేషాన్ని వదిలేయగా మిగిలే ఏటవాలు రేఖ. హారాన్ని సున్నా చేసే ప్రతి విలువ దగ్గరా ఒక నిలువు గోడ, అంటే నిలువు అనంతస్పర్శరేఖ. వక్రం ఏ అనంతస్పర్శరేఖనూ తాకదు, ఎన్నడూ దాటదు. ఈ చివరి వాక్యాన్ని ఎర్ర సుద్దముక్కతో రాస్తారు.

ఇంత చక్కని ఏర్పాటును ఒక పిల్లవాడు చెడగొట్టాడు. (2ఎక్స్² + ఎక్స్)/(ఎక్స్² + 1) అనే ప్రమేయానికి వై = 2 అని అందరితో పాటు అర నిమిషంలో రాసి ఊరుకోక, దాన్ని గ్రాఫు కాగితం మీద చుక్కల గీతగా గీసి, విలువలు ప్రతిక్షేపించడం మొదలుపెట్టాడు. ఎక్స్ = 1 దగ్గర ఒకటిన్నర వచ్చింది. ఎక్స్ = 2 దగ్గర కచ్చితంగా 2 వచ్చింది. ఎక్స్ = 3 దగ్గర 2.1 వచ్చింది, అంటే వక్రం పట్టపగలే గీత దాటింది. తరువాత ఇంకొంచెం పైకెక్కి, మెల్లగా దిగివస్తూ, 10 దగ్గర 2.08కి చేరి, గీతకు పైనుంచే దగ్గరవుతున్నది. అడ్డ గీత ఎంతో దూరాన వక్రం ఎటు పోతుందో మాత్రమే చెబుతుందనీ, నడుమ దాన్ని దాటకూడదన్న నియమం ఎక్కడా లేదనీ ఆ పిల్లవాడు లేచి నిలబడి వాదించాడు. లెక్చరర్ మాత్రం ఎంతో ఓర్పుతో, "గది ఎప్‌సెట్‌ల రాదు బిడ్డా, ముంగటికి పోదాం" అన్నారు.

ఈ గందరగోళానికి మూలపురుషుడు గ్రీకు దేశపు అపోలోనియస్ అని నా అభిప్రాయం. రెండు వేల ఏండ్ల కింద ఆయన అతిపరావలయం అనే రెండు కొమ్మల వక్రం తన అనంతస్పర్శరేఖలకు ఎంతైనా దగ్గరవుతుంది గాని కలవదని నిరూపించాడు. ఆయన చెప్పింది అతిపరావలయానికి. మనం దాన్ని సకల వక్రాలకూ వర్తింపజేసుకున్నాం. పొదుపు మంచి గుణమే కదా!

రెండో నేరం ఇంకా పెద్దది. (ఎక్స్² − ఎక్స్ − 2)/(ఎక్స్² − 4) ఇస్తే క్రమశిక్షణ గల విద్యార్థులందరూ 2 దగ్గర ఒకటి, −2 దగ్గర ఒకటి, రెండు గోడలు కట్టారు. వీడు మాత్రం లవాన్నీ హారాన్నీ కారణాంకాలుగా విడగొట్టి, ఎక్స్ − 2 రెండింటా ఉన్నదని కొట్టివేసి, గోడ −2 దగ్గర మాత్రమే ఉన్నదనీ, 2 దగ్గర ఉన్నది ముప్పావు ఎత్తున ఒక్క బిందువంత గుంత అనీ తేల్చాడు. వానాకాలంలో మన ఊరి రోడ్ల మీద బండి నడిపే ఎవరైనా గుంతకూ గోడకూ తేడా చెప్పగలరు గాని, పరీక్ష హాల్లో అంత తీరిక ఎవరికున్నది? పైగా ఫోనులోని గ్రాఫు యాప్ కూడా మన పక్షమే. ఒక్క బిందువు లోపిస్తే తెర మీద కనబడదు కాబట్టి గీత అక్కడ నున్నగా సాగిపోతుంది.

ఆ పిల్లవాడు మాత్రం వారాంతపు పరీక్షలో అదే గ్రాఫును చేత్తో గీసి, 2 దగ్గర గుంతకు గుర్తుగా పద్ధతి ప్రకారం ఒక చిన్న ఖాళీ వృత్తం పెట్టాడు. దిద్దినవారు దాన్ని ఇదివరకే ఎవరో వేసిన మార్కుగా భావించి, మొత్తంలో కలిపి, పక్కన సంతకం చేశారు.