అమెరికాలోని మిల్వాకీ నగర జెండా గురించి తిరుగుతున్న ఆ మెసేజికి జవాబు

"మిల్వాకీ పాత జెండాలో ఊరి చరిత్రంతా ఉంది. కొత్తదాంట్లో సూర్యుడు తప్ప ఏమీ లేదు. మార్చాలంటే బోలెడు ఖర్చు. ఆన్‌లైన్‌లో ఎవరో గీసింది మన నెత్తిన రుద్దుతున్నారు." తెలుగు గ్రూపుల్లో ఈ మెసేజి ఒకరు ఆపితే ఇంకొకరు పంపుతున్నారు. కొత్తదంటే 2016 డిజైన్ పోటీలో గెలిచిన, సరస్సు మీద సూర్యోదయం బొమ్మ. పంపే ముందు ఆ పాత జెండాని ఒక్కసారి తేరిపార చూడండి బాబూ.

ఖర్చు మాట రెండు ముక్కల్లో తేలిపోతుంది. బయట రోజూ ఎగిరే నైలాన్ జెండా కొన్ని నెలలకే గాలికి చివర పీలికలవుతుంది. ఎలాగూ కొత్తది కొనాల్సిందే. చిరిగినదాని స్థానంలో కొత్త డిజైన్ కొనాలని కౌన్సిల్ తీర్మానంలో ఒక వాక్యం చేరిస్తే చాలు.

"చరిత్రంతా ఉంది" అన్నదే అసలు తంటా. 1954 నాటి ఆ జెండాలో గేర్ చక్రం, స్థానిక అమెరికన్ తల, ఓడ, చర్చి, ఇల్లు, ఫ్యాక్టరీ, సిటీ హాలు, స్టేడియం, బార్లీ కంకి, 1846 అంకె, ఊరి పేరు, వీటి మధ్య మరో బుల్లి జెండా. 3 అడుగుల ఎత్తు, 5 అడుగుల పొడవున్న జెండాని 100 అడుగుల దూరం నుంచి చూస్తే, చేతిలో 15 అంగుళాల దూరాన పట్టుకున్న దాదాపు అర అంగుళం ఎత్తు కాగితం ముక్కంత కనిపిస్తుంది. అందులో చర్చి ఏదో, ఫ్యాక్టరీ ఏదో చెప్పండి చూద్దాం!

గుడ్డ దగ్గరికొస్తే ఇంకా ఇబ్బంది. ఇన్ని బొమ్మలు కత్తిరించి కుట్టడం కుదరదు, అచ్చు వేయాలి. ఒకవైపే అచ్చేస్తే రంగు అవతలికి దిగి, ఊరి పేరు వెనక నుంచి తిరగబడి కనిపిస్తుంది. రెండువైపులా సరిగ్గా రావాలంటే రెండు గుడ్డలు, వాటి మధ్య వెలుతురు ఆపే పొర, మొత్తం మూడు పొరలు. ఆ బరువుకి చిన్న గాలికి లేవదు, స్తంభానికి అతుక్కుని వేలాడుతుంది. ఆ స్టేడియం సంగతి మరీనూ. 2001లోనే కూల్చేశారు, జెండా మీద మాత్రం ఇంకా ఉంది. కట్టడాల బొమ్మలు పెట్టుకుంటే జరిగేది ఇదే. 2004లో 150 అమెరికా నగరాల జెండాలకు ర్యాంకులిస్తే దీనికి 147వ స్థానం వచ్చింది. చరిత్రను కాపాడే పద్ధతి ఇదేనా?

"సూర్యుడు తప్ప ఏమీ లేదు" అన్నది చూడకుండా రాసిన మాట. కొత్త జెండాలో నీలం అంటే ఊరి పక్కనున్న మిషిగన్ సరస్సు. నీళ్ళలో మూడు లేత చారలు మూడు నదులకీ, కలిసి ఊరైన మూడు పాత పట్టణాలకీ గుర్తు. బంగారు రంగు బీరు తయారీ చరిత్రకి. అక్షరాలు లేవు కాబట్టి వెనక నుంచి చూసినా తేడా రాదు.

ఇక "ఆన్‌లైన్‌లో ఎవరో గీసింది" అన్నచోట మెసేజి రాసినవారికి సగం ఒప్పుకుంటాను. 2016 పోటీకి వెయ్యికి పైగా డిజైన్లు వచ్చాయి, జనం మార్కులు వేశారు, అది నిజమే. కానీ అది నగరపాలక సంస్థ నడిపిన పోటీ కాదు, అన్ని పేటలకూ చేరలేదు. 2018లో నగర కౌన్సిల్ ముందు వినిపించిన ఈ అభ్యంతరం న్యాయమైనదే. దానికి మందు పాత జెండాని పట్టుకు వేలాడటం కాదు. రెండు జెండాలూ గుడ్డ మీద చేయించి, పేట పేటలో లైబ్రరీల ముందు నెలపాటు ఎగరేసి, లోపల కాగితం మీద ఓటు వేయించండి. ఫోన్ తెర మీద మాత్రం అడగొద్దు, అక్కడ జూమ్ చేసి చూస్తారు.