మంచి నిద్ర మీద క్లాసు: రాత్రి 11:30కి, హాజరు తప్పనిసరి

అక్టోబర్ 10 ప్రపంచ మానసిక ఆరోగ్య దినం. 1992 నుంచీ జరుపుతున్నారు, మా కంపెనీకి మాత్రం ఈ మధ్యే తెలిసింది, తెలిసిన దగ్గర్నుంచి ఇక వదలట్లేదు. పోయినసారి ఆ రోజు మాకొక వెబినార్ పెట్టారు, ‘మంచి నిద్ర, మంచి మనసు’ అని. డల్లాస్‌లో మధ్యాహ్నం ఒంటిగంట, అక్కడివాళ్ళు లంచ్ తింటూ వినొచ్చు. హైదరాబాద్‌లో అప్పుడు రాత్రి 11:30. మనీలా టీమ్‌కైతే అర్ధరాత్రి దాటి రెండు. రాత్రి పదింటి తర్వాత స్క్రీన్ చూడొద్దని ఒక డాక్టరుగారు గంటసేపు స్క్రీన్‌లోంచి చెప్పారు, మేము స్క్రీన్ చూస్తూ విన్నాం. కెమెరాలు ఆన్‌లో ఉండాలన్నారు కాబట్టి మనీలా అమ్మాయి ఒకామె తల వాల్చేసి నిద్రపోవడం అందరం చూశాం. క్లాసు నిజంగా వంటబట్టింది ఆమె ఒక్కదానికే.

నేనేదో వెటకారం చేస్తున్నాననుకోకండి. నాలుగు దేశాల్లో మనుషుల్ని పెట్టుకున్న కంపెనీ వాళ్ళ మనసుల్ని ఎలా చూసుకోవాలి అనేది చాలా సీరియస్ విషయం, దానిమీద పధ్నాలుగేళ్ళ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ అనుభవంతో రాస్తున్నా. టెస్టర్‌ని కదా, బాగుందా లేదా అని కాదు, పనిచేస్తోందా లేదా అని చూడటం నా అలవాటు.

ముందు యాప్ సంగతి. రోజూ పొద్దున ఐదు మొహాలు చూపించి ఈరోజు మీరెలా ఉన్నారు అని అడుగుతుంది. బాగా నవ్వే మొహం నుంచి బాగా ఏడ్చే మొహం దాకా వరసగా ఉంటాయి. మా టీమ్‌లో తెలుగువాళ్ళం తొమ్మిదిమంది ఉన్నాం, మాలో ఎవరికీ ఆ ఐదింట్లో ఒక్కటీ కుదరదు, ఎందుకంటే మాకు ఉండేది ‘ఏదోలా ఉంది’. దానికి మొహం లేదు. ‘ప్రాణం ఉసూరుమంటోంది’కీ లేదు. ఒకసారి ఖర్మగాలి ఏడుపు మొహం నొక్కా, వెంటనే ఊపిరి పీల్చండి, వదలండి అని ఒక బుడగ పెద్దదవుతూ చిన్నదవుతూ వచ్చింది. మా అత్తగారు పక్కనే చిక్కుడుకాయలు ఒలుస్తూ చూసి, ఊపిరి తీసుకోమని చెప్పడానికి కూడా ఒక మనిషిని పెట్టారా మీ ఆఫీసులో, అనడిగారు. మనిషి కాదత్తయ్యా యాప్ అన్నా. నయం, మనిషైతే వాడికీ నైట్ షిఫ్టే కదా, అన్నారు.

తర్వాత హెల్ప్‌లైన్. దీని పోస్టర్ మా ఆఫీసులో వాష్‌రూమ్ తలుపుకి లోపలివైపు అంటించారు, ‘మీరు ఒంటరి కాదు’ అని పెద్దక్షరాల్లో. గడి పెట్టుకుని లోపల కూర్చున్న మనిషికి ఆ మాట చదివితే ధైర్యం కంటే కంగారే ఎక్కువొస్తుంది. కింద ఉన్నది అమెరికా టోల్‌ఫ్రీ నంబరు, ఇక్కడినుంచి కలవదు. ఆర్నెల్లకి ఎవరో చెబితే మార్చారు. మా టీమ్‌లో కుర్రాడొకడు మెట్ల దగ్గరకెళ్ళి కొత్త నంబరుకి చేస్తే, అవతల ఏ దేశంలో కూర్చున్నారో గానీ చాలా నెమ్మదిగా, రోజూ సాయంత్రం చెట్ల మధ్య కాసేపు నడవండి అన్నారట. మా ఆఫీసు నానక్‌రామ్‌గూడలో. వాడు క్రేన్ల మధ్య నడిచొచ్చాడు.

(ఇది మాత్రం జోక్ కాదు: 14416 అని టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు ఉంది, 2022 అక్టోబర్ 10న కేంద్రం మొదలుపెట్టింది, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. ఇది మా తలుపు మీద లేదు.)

2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఇన్సూరెన్స్‌లో ఒంటి జబ్బుని ఎలా చూస్తారో మనసు జబ్బునీ అలాగే చూడాలి. చట్టం చట్టమే, లీవ్ పెట్టేటప్పుడు మాత్రం మేమంతా రాసేది వైరల్ ఫీవర్ అనే. ఈ వైరస్ చాలా క్రమశిక్షణ గలది, రిలీజ్‌కి ముందు వారం ఒకసారి, అప్రైజల్ రేటింగులు చెప్పిన మర్నాడు ఒకసారి వస్తుంది, సోమవారమే వస్తుంది.

అసలు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో పని చోట మానసిక ఆరోగ్యం మీద గైడ్‌లైన్స్ ఇచ్చింది. అందులో ముందు చెప్పింది పని పద్ధతి మార్చమని, అంటే పని భారం, పని వేళలు చూడమని. తర్వాత మేనేజర్లకి ట్రైనింగ్ ఇమ్మని. ఆ తర్వాతే ఉద్యోగికి ట్రైనింగు, ఒత్తిడి తట్టుకునే మెళకువలు వగైరా. మా హెచ్చార్ వాళ్ళు ఈ పుస్తకాన్ని ఉర్దూ పేపర్లా వెనకనుంచి తెరిచి ఆ చివరి భాగం దగ్గరే ఆగిపోయినట్టున్నారు. అదే సంస్థ బర్నవుట్ అంటే ఏంటో కూడా చెప్పింది, పనిచోట సరిగ్గా మేనేజ్ కాని దీర్ఘకాలపు ఒత్తిడి వల్ల వచ్చేది, అది జబ్బు కాదు, పనికి సంబంధించిన పరిస్థితి అని. జబ్బు కాదన్న ముక్క చదివి మావాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు (యాప్ లేకుండానే). మేనేజ్ చెయ్యాల్సింది ఎవరు అన్నది రాయలేదు కాబట్టి ఆ ఖాళీలో మా పేర్లు నింపారు. హోదాలో మేనేజర్ అని రాసుకున్నాయన పేరు మాత్రం ఎవరికీ తట్టలేదు.

గంటల విషయానికొస్తే అది వేలంపాట. ఇన్ఫోసిస్ నారాయణమూర్తిగారు 2023లో వారానికి 70 అన్నారు, 2025లో ఎల్ అండ్ టీ ఛైర్మన్ 90 అన్నారు, ఒకటోసారి, రెండోసారి... ఇటుపక్క ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక లెక్క చెప్పాయి, వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్ళకి, 35 నుంచి 40 గంటలు చేసేవాళ్ళతో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ అని. ఆ సంఖ్యని ఏ టౌన్‌హాల్ మీటింగులోనూ ఎవరూ పాట పాడలేదు.

మా టీమ్‌లో పారిస్ ఆయన ఒకడున్నాడు. అదే కంపెనీ, అదే పాలసీ, అదే పీపీటీ. సాయంత్రం ఆరు దాటితే ఆయన కనపడడు, ఆగస్టులో అసలు కనపడడు. నిద్ర వెబినార్‌కీ రాలేదు, అక్కడ రాత్రి ఎనిమిది మరి. ఫ్రాన్స్‌లో 2017 నుంచీ డ్యూటీ అయ్యాక ఫోనుకీ మెయిలుకీ దొరక్కుండా ఉండే హక్కు మీద చట్టం ఉంది. మనకీ 2018లో లోక్‌సభలో ఎంపీ సుప్రియా సూలే గారు ఇలాంటిదే ప్రైవేట్ మెంబర్ బిల్లు (మంత్రి కాని సభ్యులు పెట్టేది) పెట్టారు, పెట్టారు అంతే. మనదేశంలో ప్రైవేట్ మెంబర్ బిల్లు ఒకటి చట్టమై ఇప్పటికి యాభై ఏళ్ళు దాటింది, చివరిది 1970లో. కాబట్టి ఆయన మనసుని చట్టం చూసుకుంటుంది, నా మనసుని బుడగ చూసుకుంటుంది.

ఇదంతా పక్కన పెట్టి నా అసలు బాధకొస్తా. నవంబర్ మొదటి ఆదివారం అమెరికావాళ్ళు గడియారాలు గంట వెనక్కి తిప్పుకుంటారు. మేం తిప్పుకోం. డల్లాస్‌లో పొద్దున 8:30కి జరిగే స్టాండప్ (రోజువారీ టీమ్ కాల్) అప్పటిదాకా మాకు ఏడింటికి ఉండేది కాస్తా ఎనిమిదింటికి పోతుంది, మార్చి దాకా. ఏడింటి కాల్ అయితే ఎనిమిదికి అయిపోతుంది, అందరం కూర్చుని తింటాం. ఎనిమిదింటి కాల్ అంటే మా వాడు అమ్మ వచ్చాక తింటానని టేబుల్ మీదే తల పెట్టి పడుకుంటాడు, నేను మ్యూట్ నొక్కి వచ్చి లేపి రెండు ముద్దలు పెట్టి మళ్ళీ అన్‌మ్యూట్ చేసి ‘నో బ్లాకర్స్ ఫ్రమ్ మై సైడ్’ (నా పనికి అడ్డంకులేం లేవు) అంటా. పెరుగన్నం చెయ్యితో.

మొన్న వెల్‌నెస్ సర్వే వచ్చింది. పేరు అక్కర్లేదు, ఊరూ హోదా అనుభవం రాస్తే చాలన్నారు. హైదరాబాద్‌లో పధ్నాలుగేళ్ళ అనుభవమున్న టెస్ట్ లీడ్ మా కంపెనీకి నేనొక్కదాన్నే. సరే, ఎలాగూ దొరికిపోతాం కదా అని ఒక డిఫెక్ట్ రాసినట్టే పద్ధతిగా రాశా. జరిగేది: నవంబర్ నుంచి మార్చి దాకా కాల్ గంట జరుగుతుంది. జరగాల్సింది: ఆ నాలుగు నెలలూ డల్లాస్‌వాళ్ళు 7:30కి మొదలుపెడితే మాకు ఏడింటికే ఉంటుంది. తీవ్రత: ఎక్కువ. ప్రభావం పడే మనుషులు: తొమ్మిదిమంది, వాళ్ళ పిల్లలు, మా అత్తగారు.

రెండు వారాలకి జవాబొచ్చింది. మీ ఫీడ్‌బ్యాక్ మాకు చాలా విలువైనది, డల్లాస్ టీమ్‌ని అడిగాం, పొద్దున్నే పిల్లల్ని స్కూల్లో దింపాలి కాబట్టి 7:30 వాళ్ళ ఫ్యామిలీ టైముకి ఇబ్బంది అవుతుందన్నారు, వాళ్ళ మానసిక ఆరోగ్యం కూడా మాకు ముఖ్యమే, అని. కింద స్టేటస్: క్లోజ్డ్, వర్కింగ్ యాజ్ డిజైన్డ్.