పాత కారు ఎవరికైనా ఇవ్వండి, రెండు బేరాలు మాత్రం కలపకండి

కొత్త కారు ధర కాగితం మీద ఖాయమయ్యేదాకా షోరూంలో పాత కారు ఊసెత్తకండి. తెలిసినవాళ్లు ఎవరు కారు మారుస్తున్నామన్నా నేను ముందు చెప్పే మాట ఇదే. అందరూ సరేనంటారు. తీరా షోరూంలో కూర్చోగానే సేల్స్ అబ్బాయి "పాత బండి ఎక్స్ఛేంజ్ ఏమైనా ఉందా సార్?" అంటాడు. వీళ్లు మోడల్, సంవత్సరం, ఎంత తిరిగింది, లోను ఎంత మిగిలింది అన్నీ అప్పజెప్పేస్తారు. ఆ తర్వాత బేరం నడిపేది అవతలివాళ్లే.

ఎక్స్ఛేంజ్ మంచిదా, బయట అమ్ముకోవడం మంచిదా అన్న వాదన వచ్చినప్పుడల్లా నాకు చిరాకు పుట్టేది ఇందుకే. డీలర్లంతా దొంగలేనని ఒకళ్లంటారు. బయట అమ్మడమంటే తలనొప్పి తెచ్చిపెట్టుకోవడమేనని ఇంకొకళ్లంటారు. డబ్బు ఎక్కడ జారిపోతుందో ఇద్దరూ చూడరు. ఎక్స్ఛేంజ్‌కి ఇస్తే కొంత తగ్గుతుంది, అది నిజమే. కానీ కొనే బేరాన్నీ అమ్మే బేరాన్నీ ఒకే కాగితం మీదికి రానిచ్చినప్పుడు పోయేది ఎంతో మనకి లెక్క కూడా తెలియదు. నా కోపమంతా దాని మీదే.

పాత కారుకి మీరు ఊహించని ధర ఇస్తారు. మీరు సంతోషంలో ఉండగా కొత్త కారు మీద రావాల్సిన డిస్కౌంట్ మాయమవుతుంది. లేదా కొత్త కారు మీద భారీగా తగ్గించి, ఆ తగ్గించినదంతా పాతదాని ధరలో కోసేస్తారు. లోను కూడా ఉంటే ఇంకా సులువు. నెల వాయిదా ఇంతేనని చెప్పి, ఎన్నేళ్లు కట్టాలో పెంచేస్తే సరిపోతుంది. అమెరికా డీలర్ల దగ్గర దీనికోసం ఒక కాగితమే ఉంది, పేరు ఫోర్ స్క్వేర్. అందులో నాలుగు గళ్లు ఉంటాయి: పాత కారు విలువ, కొత్త కారు ధర, డౌన్ పేమెంట్, నెల వాయిదా. కొనేవాడి చూపు ఏ గడి మీద ఉందో కనిపెట్టి అందులో అంకెని అతనికి నచ్చేలా మారుస్తారు. ఆ తగ్గింది మిగతా మూడు గళ్లలో రాబట్టుకుంటారు. ఆ కాగితం వాడని చోట కూడా పని జరిగే తీరు ఇదే.

ఇది నా అనుమానం మాత్రమే అనుకోకండి. జర్నల్ ఆఫ్ మార్కెటింగ్ రీసెర్చ్‌లో 2008లో వచ్చిన ఒక పరిశోధన సరిగ్గా ఈ విషయం మీదే చేశారు. పాత వస్తువు ఇచ్చి కొత్తది కొనేవాళ్ల మనసంతా పాతదానికి మంచి ధర రాబట్టడం మీదే ఉంటుందట. దాంతో ఊరికే కొత్తది కొనేవాళ్ల కంటే వీళ్లు కొత్తదానికి ఎక్కువ పెట్టడానికి సిద్ధపడతారట. మన చేతిలో ఉన్న వస్తువు మీద మనకుండే మమకారం అలాంటిది. డానియల్ కానెమన్, జాక్ నెచ్, రిచర్డ్ థేలర్ 1990లో ప్రచురించిన ప్రయోగాల్లో కొంతమందికి కాఫీ మగ్గులు ఇచ్చి, ఎంతకి అమ్ముతారని అడిగారు. మగ్గు లేనివాళ్లు కొనడానికి పెడతామన్న దానికి దాదాపు రెట్టింపు అడిగారు వాళ్లు. అప్పుడే చేతికొచ్చిన మగ్గుకే అంత మమకారమైతే, పిల్లల్ని స్కూలుకి దింపిన కారుకి ఎంత ఉంటుందో ఆలోచించండి. "బండి చాలా బాగా చూసుకున్నారు సార్" అని షోరూంలో మెచ్చుకునేది ఆ మమకారాన్ని కదిలించడానికే.

ఇప్పుడు డీలర్ పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. మీ దగ్గర తీసుకున్న ధరకీ, అదే కారుని అతను తన దగ్గర అమ్మకానికి పెట్టిన ధరకీ తేడా చూసి దోపిడీ అనేయడం న్యాయం కాదు. మొదటిది టోకు ధర, రెండోది చిల్లర ధర. ఆ మధ్యలో టైర్లు, బ్రేకులు, డెంటింగ్, పెయింటింగ్ ఉంటాయి. అమ్మాక ఇచ్చే వారంటీ ఉంటుంది. బండి అమ్ముడుపోయేదాకా దాని మీద పెట్టిన డబ్బుకి వడ్డీ, నిలిపిన స్థలానికి అద్దె ఉంటాయి. ఎవరూ కొనకపోతే వేలంలో వచ్చినంతకి వదిలించుకోవాలి, ఆ నష్టం భయం కూడా ధరలో కలుస్తుంది. ఇవన్నీ పోగా తనకి లాభం మిగలాలి. బయట 100 వచ్చే కారుకి డీలర్ 100 ఇవ్వలేడు. ఎవరైనా ఇస్తానంటే వెంటనే కొత్త కారు ధర వైపు చూడండి.

ఎక్స్ఛేంజ్ బోనస్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. చాలాసార్లు అది కొత్త కారు అమ్ముడుపోవడానికి తయారీ కంపెనీ ఇచ్చే సొమ్ము. మీ కారు విలువతో దానికి సంబంధం లేదు. అయినా చాలామంది సేల్స్ వాళ్లు బోనస్‌ని కలిపేసి మొత్తాన్ని పాత కారు ధరగా చెబుతారు. "బోనస్ తీసేస్తే నా కారుకి ఎంత ఇస్తున్నారు?" అని నేరుగా అడగండి. ఆ ప్రశ్నకి వచ్చే జవాబు చాలాసార్లు ముందు చెప్పిన అంకె కంటే చాలా చిన్నదిగా ఉంటుంది.

మరి బయట అమ్మితే వచ్చే ఎక్కువ డబ్బు సంగతేంటి? అది ఊరికే రాదు, అది మీ కూలి. కారు కడిగించి, పగటి వెలుతురులో ఫోటోలు తీసి, ప్రకటన పెట్టి, "లాస్ట్ ప్రైస్ ఎంత?" అని తప్ప ఇంకేమీ అడగని ఫోన్లకి జవాబు చెప్పి, వస్తామని రానివాళ్ల కోసం ఎదురుచూసి, ముక్కూమొహం తెలియనివాళ్ల పక్కన టెస్ట్ డ్రైవ్‌లో కూర్చుని సంపాదించుకునేది. ఓపిక ఉన్నవాళ్లకి ఇది మంచి కూలే. అందరికీ ఆ ఓపిక, సమయం ఉండవు. ఒంటరిగా ఉండే ఆవిడ కొత్తవాళ్లని ఇంటి దగ్గరికి రప్పించడం ఇష్టం లేక డీలర్‌కి ఇచ్చేస్తే, "అయ్యో, అంతకే ఇచ్చేశావా?" అని తీసిపారేసే చుట్టాలంటే నాకు ఒళ్లు మంట. ఆవిడ తన నిశ్చింతకి ధర కట్టుకుంది, అది ఆవిడ హక్కు.

పన్ను లెక్క కూడా వేసుకోవాలి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో పాత కారు విలువ తీసేయగా మిగిలిన మొత్తం మీదే అమ్మకం పన్ను వేస్తారు. పన్ను 8 శాతం ఉండి డీలర్ మీ కారుకి 100 ఇస్తే, అది నిజానికి 108తో సమానం. బయట 105 వచ్చిందని సంబరపడితే నష్టపోయినట్టే. మీరుండే చోట ఈ వెసులుబాటు ఉందో లేదో ముందు కనుక్కోండి.

బయట అమ్మేవాళ్లతో నేను గట్టిగా చెప్పేది ఒకటుంది. లోపాలు దాచకండి. జార్జ్ అకర్లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లో పాత కార్ల మార్కెట్‌నే ఉదాహరణగా తీసుకుని ఒక వ్యాసం రాశారు. ఏది మంచి బండో ఏది చెడ్డదో కొనేవాడు పోల్చుకోలేనప్పుడు అన్నింటికీ కలిపి ఒక సగటు ధరే పెడతాడు. ఆ ధర గిట్టక మంచి బండి ఉన్నవాళ్లు అమ్మడం మానుకుంటారు. మార్కెట్‌లో చెడ్డవి మిగులుతాయి, ధర ఇంకా పడిపోతుంది. ఆయనకి 2001లో నోబెల్ వచ్చినప్పుడు ఈ పనినే ముఖ్యంగా చెప్పుకున్నారు. బయట అమ్మితే సరైన ధర రావడం లేదని మనం వాపోతాం కదా, అందులో పెద్ద భాగం యాక్సిడెంట్ సంగతి దాచి అమ్మినవాళ్ల పుణ్యమే. వాళ్లు చేసిన దానికి నిజాయితీగా బండి చూసుకున్నవాళ్లు మూల్యం చెల్లిస్తున్నారు.

పైగా ఇప్పుడు దాచినా దాగదు. రంగు మందం కొలిచే చిన్న మీటర్లు వచ్చాయి. ఫ్యాక్టరీ రంగు చాలా కార్లలో 100 నుంచి 150 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దగ్గర ఉంటుంది, పుట్టీ పెట్టి రంగు వేసిన చోట అది ఎన్నో రెట్లు చూపిస్తుంది. టైరు పక్క గోడ మీద చివరి నాలుగు అంకెలు అది తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం అన్నమాట. డాష్‌బోర్డు కింద పెట్టే ఓబీడీ స్కానర్, అంటే బండి కంప్యూటర్‌ని చదివే చిన్న పరికరం, పాత ఎర్రర్లు చూపిస్తుంది. అమ్మే ముందు ఎవరైనా వాటిని చెరిపేసి ఉంటే, బండి సొంత పరీక్షలు ఇంకా పూర్తి కాలేదన్న సంగతి కూడా అందులోనే బయటపడుతుంది. నేను అమ్మినప్పుడు ఎడమ డోరుకి మళ్లీ రంగు వేయించిన సంగతి ప్రకటనలోనే రాశాను, సర్వీస్ బిల్లులన్నీ ఫైల్లో పెట్టి చేతికిచ్చాను, మీ మెకానిక్‌ని తెచ్చుకోండి అన్నాను. కొన్నాయన ఆ డోరు గురించి ఒక్క రూపాయి కూడా తగ్గించమనలేదు.

అలాగని అమ్మే ముందు వేలకి వేలు పోసి రిపేర్లు చేయించకండి, ముఖ్యంగా డీలర్‌కి ఇచ్చేటప్పుడు. ఆ పని అతనికి మీకంటే చవగ్గా అవుతుంది, మీరు పెట్టిందంతా ధరలో తిరిగి రాదు. శుభ్రంగా కడిగించడం, లోపల వాసన లేకుండా చూడటం, రెండో తాళం వెతికి పెట్టడం చాలు.

ఇంకో చిన్న విషయం. కారు ఎంత తిరిగిందో చూపే మీటరు యాభై వేలు, అరవై వేలు లాంటి అంకెకి దగ్గరపడుతుంటే అది దాటకముందే అమ్మేయండి. అమెరికాలో 2 కోట్ల 20 లక్షలకు పైగా పాత కార్ల టోకు అమ్మకాలు పరిశీలించి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రతి 10,000 మైళ్ల గీత దాటగానే ధర ఒక్కసారిగా పడిపోతున్నట్టు తేలింది. బండి అరుగుదలలో ఆ కాసిన్ని మైళ్లకి తేడా ఏముంటుంది? కానీ కొనేవాళ్ల కన్ను మొదటి అంకె మీదే పడుతుంది.

డీలర్‌కి మీ కారు అవసరం ఎంతుందన్నది కూడా కాలాన్ని బట్టి మారుతుంది. చిప్‌ల కొరతతో కొత్త కార్లు దొరకని 2021లో అమెరికాలో పాత కార్ల ధరలు జూన్ నాటికి ఏడాదిలో 45 శాతం పెరిగాయి. అప్పుడు డీలర్లే పాత కార్ల కోసం ఫోన్లు చేశారు. కొత్త కార్లు గుట్టలుగా పడి ఉన్నప్పుడు అదే డీలర్ మీ కారు చుట్టూ తిరిగి మొహం చిట్లిస్తాడు. ఒకరికి వచ్చిన ధరని ఇంకొకరు కొలబద్దగా పెట్టుకోలేనిది అందుకే.

నేను పాటించే పద్ధతి చెబుతాను. షోరూంకి వెళ్లకముందే, పాత కార్లు కొనే రెండు మూడు చోట్ల చూపించి, ఎంతకి కొంటారో రాతలో తీసుకుంటాను. అవి కొద్ది రోజులే చెల్లుతాయి కాబట్టి కొనడానికి సిద్ధమయ్యాకే వెళ్తాను. వాటిలో పెద్ద అంకె నాకు నేల, అంతకంటే కిందికి దిగను. తర్వాత షోరూంలో ఎక్స్ఛేంజ్ లేకుండా కొత్త కారు ధర మాట్లాడతాను. పాత బండి గురించి అడిగితే "ఇంకా తేల్చుకోలేదండీ" అంటాను, అది నిజం కూడా. ఇన్సూరెన్స్, యాక్సెసరీలు, హ్యాండ్లింగ్ అని రాసే చార్జీలతో సహా మొత్తం కాగితం మీద రాయించుకున్నాక అప్పుడు పాత కారు చూపిస్తాను. వాళ్లు నా నేల కంటే ఎక్కువ ఇస్తే ఇచ్చేస్తాను. అప్పుడు కొత్త కారు ధర మళ్లీ పైకి కదిలిందంటే లేచి వస్తాను. అదే కారు ఇంకో షోరూంలోనూ దొరుకుతుంది.

పాత కారు మీద లోను ఉంటే మాత్రం చాలా జాగ్రత్త. కారు విలువ కంటే బాకీ ఎక్కువగా ఉన్నప్పుడు "మీరు టెన్షన్ పడకండి, ఆ లోను మేం క్లియర్ చేస్తాం" అంటారు. క్లియర్ చేయడం అంటే మిగిలిన బాకీని మీ కొత్త లోనులో కలపడమే. లేని కారుకి ఏళ్ల తరబడి వడ్డీ కడతారు. కొత్త కారు మొదటి ఏడాదే విలువ బాగా కోల్పోతుంది కాబట్టి మొదటి రోజు నుంచే మళ్లీ విలువని మించిన బాకీలో ఉంటారు. ఇలా రెండు మూడు కార్లు మార్చిన కుటుంబాలు ఎప్పటికీ ఆ ఊబిలోంచి బయటికి రాలేవు. ఆ పరిస్థితిలో ఉంటే కొత్త కారు ఆలోచన వాయిదా వేసి, బాకీ విలువ కంటే కిందికి దిగేదాకా పాతదే నడుపుకోవడం మేలని నా గట్టి నమ్మకం.

డబ్బు అందుకునే దగ్గర మెతకగా ఉండకండి. పేమెంట్ అయిందని చూపించే స్క్రీన్‌షాట్‌ని నమ్మకండి, మీ బ్యాంకు ఖాతాలో మీరు చూసుకోండి. చెక్కు ఇస్తే అది పూర్తిగా చెల్లిందని బ్యాంకు చెప్పేదాకా తాళాలు మీ దగ్గరే ఉండాలి. పొరపాటున ఎక్కువ పంపాం, తేడా తిరిగి పంపండి అంటే అది మోసమే. టెస్ట్ డ్రైవ్‌కి ముందు లైసెన్స్ చూడండి, పక్కన మీరు కూర్చోండి, జనం తిరిగే చోటే కలవండి.

చివరగా పేరు మార్పిడి. ఇది డీలర్‌కి ఇచ్చినా, బయట అమ్మినా ఒకటే. తాళాలు ఇచ్చే సమయం, తేదీ, మీటరు రీడింగ్ రాసి, తీసుకునేవాళ్ల సంతకం పెట్టించుకోండి. కొంతమంది డీలర్లు తర్వాతి కొనుగోలుదారు దొరికేదాకా బండిని మీ పేరు మీదే ఉంచేస్తారు. ఆ మధ్యలో పడే జరిమానాలు, జరిగే ప్రమాదాలు వెతుక్కుంటూ మీ గుమ్మంలోకే వస్తాయి. ఎన్ని రోజుల్లో మారుస్తారో రాతలో అడగండి, గడువు దాటితే రోజూ ఫోన్ చేయండి. కారులో జత చేసిన మీ ఫోన్, కాంటాక్టులు, ఇంటి అడ్రసు చెరిపేయండి, కారు యాప్‌లోంచి మీ ఖాతా తీసేయండి. రికార్డుల్లో కొత్త ఓనర్ పేరు మీ కళ్లతో చూశాకే ఆ బండి మీద మీ బీమా రద్దు చేయించుకోండి.